చిల్లు పడని పడవ

తాళ్లరేవులో ముప్పై అయిదేళ్లుగా పడవలు కడుతున్న సంగాని ధనకోటి మేస్త్రికి చిల్లు పడిన పడవని బాగుచెయ్యడం తెలుసుగానీ, బాగున్న పడవకి చిల్లు పెట్టడం ఎప్పుడూ అలవాటు లేదు. రాజుగారి యాట్ పుణ్యమా అని ఆ ముచ్చటా తీరింది. ఒకటా రెండా, పద్దెనిమిది చిల్లులు.

యాట్ అంటే మామూలు పడవ కాదు లెండి. నూట పది అడుగుల పొడవు, మూడంతస్తులు. యాభై ఏళ్ల కిందట ఎక్కడో చలిదేశంలో మేలురకం టేకుతో కట్టారు. భీమవరంలో రొయ్యల వ్యాపారం చేసే కలిదిండి భాస్కరరాజుగారు దాన్ని పాతదిగా కొని కాకినాడ దాకా తెప్పించి, పోటు మీద ఏట్లోకి లాగించి ధనకోటి యార్డు ముందు కట్టించారు. పాత పేరు గీకించేసి ‘జలతారు’ అని కొత్త పేరు రాయించారు. ఇంక అక్కణ్ణించి ఆయన కోరికలు మొదలయ్యాయి.

పై అంతస్తులో పడవ నడిపే గదీ, గుడ్డనీడ కింద ఇరవైమంది కూర్చునే భోజనాల బల్లా. మధ్య అంతస్తులో హాలూ, వంటిల్లూ. ధనకోటి భార్య వీరవేణి ఒకరోజు చూడ్డానికొచ్చి, ఆ వంటింట్లో మంట లేకుండా వేడెక్కే పొయ్యి చూసి ముక్కు మీద వేలేసుకుంది. కింద అంతస్తులో పొడుగాటి నడవా, నాలుగు పడగ్గదులు. అన్నిటికన్నా ముందున్న పెద్ద గది రాజుగారిది. ఆ గది నేలలో ఆరడుగుల అద్దం బిగించాలి, మంచం మీద బోర్లా పడుకుని కింద తిరిగే చేపల్ని చూడాలి. మీట నొక్కితే పక్కగోడ బయటికి వాలి అరుగైపోవాలి, దాని మీద కుర్చీ వేసుకుని కాఫీ తాగాలి. స్నానాల తొట్టిలోకి నేరుగా సముద్రపు నీళ్లే రావాలి, అదీ ఆయన చొక్కా విప్పేలోగా తొట్టి నిండాలి. అందుకని మోచెయ్యంత లావు ఇనప గొట్టం ఒకటి పడవ అడుగునించి గదిలోకి తెచ్చారు. ఇహ పడవ వెనక గోడ సంగతి చెప్పనే అక్కర్లేదు. గోడ మొత్తం ఒకటే తలుపు, ఇనపది. అది నీళ్ల మీదకి వాలితే ఈతగాళ్లకి మెట్టు.

"రాజుగారూ, ఇన్ని కోతలు కోస్తే ఇది పడవవ్వదండి, జల్లెడవుద్ది," అన్నాడు ధనకోటి.

"దానికి మందు మీ అమ్మాయి దగ్గరుందట కదా మేస్త్రీ," అన్నారు రాజుగారు నవ్వుతూ.

ఉంది. ధనకోటికి ఒక్కతే కూతురు, నూకరత్నం. చిన్నప్పుడు అందరు ఆడపిల్లలూ తొక్కుడుబిళ్ల ఆడుకుంటుంటే, ఈవిడగారు తండ్రి పడవ అడుగునించి గీకి పారేసిన నాచూ జిగురూ ఏరుకొచ్చి సీసాల్లో దాచుకునేది. ఇల్లంతా ఒకటే కంపు. ఆ కంపే చివరికి చదువైంది. విశాఖలో సముద్రజీవుల గురించి చదివి, ముప్పై ఏళ్లకి కాకినాడలో సొంతంగా ఒక ల్యాబు నడిపే స్థితికొచ్చింది. మడచెట్ల వేళ్లని పట్టుకుని బతికే ఓ జిగురు జీవి ఉంది. అది కర్రలో తన గూడుకి చిల్లు పడితే తనే మూసుకుంటుంది. దాన్ని పట్టుకుని, పెంచి, మార్చి మార్చి ఏడేళ్లు కూర్చుని రత్నం ఒక పూత తయారుచేసింది. దానికి పేరేం పెట్టలేదు. ‘పొర’ అనేది, అంతే.

ఒకరోజు తండ్రిని ల్యాబుకి తీసుకెళ్లి చూపించింది. మట్టిపిడతకి మేకుతో పది చిల్లులు పెట్టి, పొర పూసి, నీళ్ల తొట్టిలో సగం దాకా ముంచింది. చిల్లుల్లోంచి నీళ్లు జివ్వున లోపలికి చిమ్మాయి. ధనకోటి రెండుసార్లు ఊపిరి తీసేలోగా చిమ్మడం ఆగిపోయింది. ప్రతి చిల్లు మీదా పాలమీగడలా తెల్లటి పొర కట్టింది. రత్నం లోపలివైపు వేలితో కొడితే టక్‌మని మోగింది.

"గాలి తగిలే వైపు కొమ్ములా గట్టిపడుతుంది నాన్నా. నీళ్ల వైపు మెత్తగా ఉండి కొత్త పొర వేస్తూ ఉంటుంది."

"మొత్తం ముంచేస్తే?"

రత్నం పిడతని నీళ్లలోకి పూర్తిగా అదిమింది. ఒక నిమిషం గడిచాక పొరలు వదులై, చిల్లుల్లోంచి ఊడి నీళ్లలో తేలిపోయాయి. "రెండు వైపులా నీళ్లే అయితే పట్టు ఉండదు. గాలి లేనిదే ఇది గట్టిపడదు."

"మునిగిపోయాక పొర ఉంటే ఎంత, ఊడితే ఎంతలే," అన్నాడు ధనకోటి. ఇద్దరూ నవ్వుకున్నారు.

తర్వాత రత్నం నవ్వు ఆపి ఒక చిన్న సీసా చూపించింది. అందులో ఉన్నది వంటనూనె. "దీని తిండి కొవ్వు నాన్నా. వారానికి ఒక్క చుక్క పెడతాను, అంతే. ఆకలితో ఉన్నంతసేపు నీళ్లు కారే చిల్లుల్ని మాత్రమే మూస్తుంది. కడుపు నిండితే దానికి ప్రతి సందూ చిల్లే, గాలి దూరే సందైనా సరే. పోయిన ఏడు ఇక్కడ నూనె సీసా ఒలికింది. మర్నాడు బీరువా తెరవడానికి రంపంతో కొయ్యాల్సొచ్చింది. కొయ్యగా కొయ్యగా వెనకాలే పూడిపోతోంది." ఆ మాట చెప్తున్నప్పుడు ఆ పిల్ల మొహంలో భయం ధనకోటి చూశాడు. "నీకు చెప్పేది ఒక్కటే. పడవకి నూనె తగలనివ్వకు. ఒక్క చుక్క కూడా."

"సరే అమ్మా," అన్నాడు.

అన్నాడుగానీ, ఇక్కడ ధనకోటి మనసులో మెలిక ఒకటుంది. అది చెప్పకపోతే జరిగింది అర్థం కాదు.

తాళ్లరేవు మేస్త్రుల్లో ధనకోటి ఇంటివాళ్లకి ఒక ఆనవాయితీ ఉంది. పడవ నీళ్లలోకి దిగే ముందు మేస్త్రి స్వయంగా చేపనూనె రాయాలి. కుంచెతో కాదు, గుడ్డతో కాదు, అరచేత్తో. పసిపిల్లకి తలంటు పోసే ముందు తల్లి ఒళ్లంతా పట్టించినట్టు, మూల మూలకీ పట్టించాలి. తాత రాశాడు, తండ్రి రాశాడు, ధనకోటి నూట నలభై పడవలకి రాశాడు. పడవ కొన్నవాడు దాని మీద తన పేరు రాయించుకుంటాడు. కట్టినవాడికి మిగిలేది ఆ నూనె చెయ్యి ఒక్కటే. అది రాస్తేగానీ పడవ తనది అనిపించదు.

ఈ జలతారుకి పలకల సందుల్లో దూది కూరే పని లేదు, గుగ్గిలం పొయ్యడం లేదు. అవన్నీ పొర చూసుకుంటుందిట. ముప్పై అయిదేళ్ల చేతిపని షెడ్డులో మూలపడి ఉంది. కూతురు గొప్పదైనందుకు ఛాతీ పొంగుతుంది, ఆ గొప్పతనం తన పొట్ట మీదికే వచ్చినందుకు కడుపు మండుతుంది. రెండూ ఒకే మనిషికి ఒకేసారి ఎలా ఉంటాయని అడక్కండి, ఉంటాయి.

మంగళవారం మధ్యాహ్నం పనివాళ్లంతా భోజనాలకి వెళ్లారు. ధనకోటి షెడ్డులోంచి రెండు డబ్బాల చేపనూనె పట్టుకుని ఒక్కడే జలతారు ఎక్కాడు. పొర పూసింది బయటివైపే కదా, నేను లోపలే రాస్తాను, దానికీ దీనికీ సంబంధం ఏంటి అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. నడవా పొడుగునా, గదుల తలుపులకీ, చట్రాలకీ, గాలి కంతల చెక్కలకీ, పెద్ద గది నేల అద్దం చుట్టూ ఉన్న పలకలకీ అరచేత్తో రుద్ది రుద్ది పట్టించాడు. టేకు దాహంగా తాగింది. రెండు డబ్బాలూ అయిపోయాక కర్ర నిగనిగలాడుతుంటే, నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఆ పడవ తనది అనిపించింది. కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

సాయంత్రం రాజుగారు ముక్కు చిట్లించారు. "ఏంటి మేస్త్రీ ఈ వాసన?"

"పక్క దిబ్బ మీద చేపలు ఎండేశారండి. గాలి ఇటు కొడతంది," అన్నాడు ధనకోటి. చిన్న అబద్ధం. నోట్లోంచి ఇట్టే వచ్చేసింది.

గురువారం అసలు సంగతి మొదలైంది. పెద్ద గదిలో బట్టల అలమరకి అడుగు సొరుగు రాలేదు. చెమ్మకి ఉబ్బిందనుకుని ఉలి మొన దూర్చి తిప్పాడు. టక్‌మని తెరుచుకుంది. సందు పొడుగునా తెల్లటి చార. వేలితో తుడిస్తే జిగురు. చుట్టూ చూశాడు. నేల అద్దం అంచున, పలకల కీళ్లలో, అక్కడక్కడ వెంట్రుకంత సన్నటి తెల్లగీతలు. బయటి పొర నూనెదారి పట్టుకుని లోపలికొచ్చేసింది.

సబ్బునీళ్లు తెచ్చి సాయంత్రం దాకా ఒక్కడే కడిగాడు. పైపైన జిడ్డు పోయిందిగానీ కర్ర తాగిన నూనె ఎక్కడికి పోతుంది?

ఆ రోజు ఇంట్లో చేపల పులుసు. రత్నం కాకినాడనించి వచ్చింది. మర్నాడే జలతారుని మొదటిసారి సముద్రం మీదకి తీసుకెళ్లేది. పిల్ల ముఖం వెలిగిపోతోంది. ఈ ఒక్క పడవ బాగా నడిస్తే, రేపు మన వేటపడవలకీ ఇస్తాను నాన్నా, ఇంక మనవాళ్లెవరూ నడిసముద్రంలో చిల్లు పడి పోనక్కర్లేదు అంటోంది. రత్నం మేనమామ అలా పోయినవాడే. వీరవేణి తల వంచుకుని కూతురి కంచంలో ఇంకో ముక్క వేసింది.

"చేపనూనె కంపు కొడుతున్నావేంటి నాన్నా?" అంది రత్నం ఉన్నట్టుండి.

ధనకోటి చేతిలో ముద్ద తిరిగి కంచంలో పెట్టేశాడు. ఇప్పుడు చెప్పెయ్యి అంది మనసు. "పాత నావ ఒకటి బాగుచేశానులే," అంది నోరు.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి పోటు మీద జలతారు కదిలింది. పడవలో ఉన్నది నలుగురే. రాజుగారు, పడవ నడిపే సరంగు అప్పలస్వామి, రత్నం, ధనకోటి. మడ అడవి దాటి అఖాతంలోకి వచ్చారు. సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. రాజుగారు పైన బల్ల దగ్గర కాఫీ తాగుతూ ఆనందంగా ఉన్నారు. రత్నం అద్దం అంచులు చూసొస్తానని కిందికెళ్లి, ఏసీ చల్లదనం పోకుండా పెద్ద గది తలుపు వేసుకుంది.

ధనకోటికి పైన కాలు నిలవలేదు. కాసేపు చూసి తనూ దిగాడు. నడవాలో ఉండగా లోపల్నించి తలుపు దడదడలాడింది.

"నాన్నా, తలుపు బిగుసుకుంది. అటునించి తొయ్యి."

తోశాడు. భుజం పెట్టి తోశాడు. గోడని తోసినట్టుంది. తలుపు చుట్టూ సందు కోసం చేత్తో తడిమాడు. సందు లేదు. తలుపుకీ గోడకీ మధ్య గీత కూడా కనబడలేదు.

బాడిస తెచ్చి ఒక దెబ్బ వేశాడు. చెక్క లేచింది. లేచిన చోట తెల్లగా ఊరి, చూస్తుండగా పూడిపోయింది. ఈ చప్పుళ్లకి రాజుగారూ దిగొచ్చారు.

"కొట్టకు నాన్నా," అంది రత్నం లోపల్నించి. గొంతు నిబ్బరంగానే ఉంది. "పొర లోపలికొచ్చేసింది. ఎలా వచ్చిందో తర్వాత చూద్దాం. ఏసీ గాలి కంతలు కూడా మూసేసింది. పక్కగోడ మీట నొక్కితే మోటారు మూలుగుతోందిగానీ గోడ కదలట్లేదు. అయినా కంగారేం లేదు. దాని కడుపులో ఉన్నది మహా అయితే ఎక్కడో తగిలిన ఒక్క చుక్క నూనె. పది నిమిషాల్లో నీరసపడి పెళుసుబారిపోతుంది. అప్పుడు ఒక్క తోపు చాలు. దెబ్బలు వేస్తే మాత్రం ఇంకా బలుస్తుంది. ఆగండి, అంతే."

ఒక్క చుక్క. ధనకోటి గోడకి చేరగిలబడ్డాడు. రెండు డబ్బాలని తెలిసినవాడు ఈ లోకంలో తనొక్కడే.

చెప్పాలి. చెప్తే? ఒక్కటే చెప్పింది పిల్ల, ఒక్క చుక్క తగలనివ్వకు అని. ఏడేళ్ల కష్టాన్ని తండ్రే పాడుచేశాడని, అదీ రాజుగారి ముందు, ఏ నోటితో చెప్తాడు? పైగా సబ్బుతో కడిగాడు కదా. పది నిమిషాల్లో ఆగుతుందేమో. పిల్ల చదువుకున్నది, దానికి తెలీదా? ఆగితే ఇంక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. మనిషి ఎంత పిరికివాడంటే, కూతురు ఊపిరాడక గోడవతల ఉంటే, తన పరువు ఎలా దక్కుతుందా అని లెక్కలు వేస్తాడు.

"ఏం మేస్త్రీ, ఆగుద్దంటారా?" అన్నారు రాజుగారు మెల్లగా.

"ఆయ్. అమ్మాయి చెప్పిందంటే ఆగుద్దండి," అన్నాడు ధనకోటి.

ఏడు నిమిషాలు. ఎనిమిది. నడవాలో ఇంకో మూడు తలుపులున్నాయి. వాటి సందులు కూడా ఒక్కొక్కటే తెల్లబడి మాయమవుతున్నాయి. ఎక్కడా చప్పుడు లేదు. అదే భయంగా ఉంది.

పది నిమిషాలు దాటాక రత్నం గొంతు వినిపించింది. ఈసారి అందులో నిబ్బరం లేదు, మాటకీ మాటకీ మధ్య రొప్పుతోంది. "నాన్నా, ఇది ఆగట్లేదు. గోడల మీదికి పాకుతోంది. ఇది కూడా గాలి పీలుస్తుంది. నాకిక్కడ గాలి చాలట్లేదు. తొట్టిలో నీళ్లు తెచ్చి తలుపు మీద చల్లి చూశాను. తాగి ఇంకా మందమైంది. దీనికి తిండి ఎక్కణ్ణించి వస్తోందో అర్థం కావట్లేదు."

ధనకోటి నుదురు తలుపుకి ఆనించాడు. "నేను రాశానమ్మా. చేపనూనె."



"ఎంత?"

"రెండు డబ్బాలు."

"ఎక్కడ?"

"లోపలంతా. ఏ చెక్కా వదల్లేదు. మంగళవారం."

పక్కన రాజుగారు తన వైపు చూస్తున్నారని తెలుసు, తలెత్తలేదు. తిడుతుందేమో, తిడితే బాగుండును అనుకున్నాడు. రత్నం తిట్టలేదు. ఒకే ఒక్కటి అడిగింది.

"ఇక్కడ నీళ్ల లోతెంత?"

రాజుగారు మెట్ల దగ్గరికెళ్లి అడిగితే సరంగు పైనించి కేకేసి చెప్పాడు. అయిదు మనిషినిలువులు ఉంటుంది, ఇసకదిబ్బ పక్కకి వెళ్తే రెండు నిలువులే.

"దిబ్బ పక్కకి తీసుకెళ్లి పడవ ముంచెయ్యండి," అంది రత్నం. "తలుపుకి రెండు వైపులా నీళ్లుండాలి. గాలి అస్సలు తగలకూడదు. వెనక తలుపు దించితే నడవా నిండుతుంది. పడవ కిందికి దిగాక నేను తొట్టి గొట్టం విప్పుతాను, గది పైదాకా నిండుతుంది. చెడ్డగాలి పోయే గొట్టం ఇనపది, ఇనుము నూనె తాగదు కాబట్టి అక్కడ పొర లేదు, దాని మూత బయటికే తెరుచుకుంటుంది. దాంట్లోంచి నాకు ఊపిరి రాదుగానీ, ఉన్న గాలి పోయి నీళ్లు నిండడానికి దారుంది."

"నిండితే నువ్వెలాగమ్మా?"

"పొర వదిలేదాకా ఊపిరి బిగబడతాను."

"ఎంతసేపు?"

"ల్యాబులో పొరకి నిమిషం పట్టింది. ఇది నీ నూనె తిని బలిసింది. తెలీదు నాన్నా." ఆ పైన చిన్నపిల్లలా అంది, "తొందరగా ముంచు."

ధనకోటి రాజుగారి మొహం చూశాడు. నాలుగు నెలలు పగలనక రాత్రనక యార్డులో నిలబడి, ప్రతి అంగుళం చూసుకుని చేయించుకున్న పడవ. రాజుగారు పైకి తిరిగి, "అప్పలస్వామీ, దిబ్బ పక్కకి పోనియ్. వెనక తలుపు దించెయ్," అన్నారు.

పడవ ముంచడం చూశారా ఎప్పుడైనా? ధనకోటి చూశాడుగానీ, ముంచడం ఇదే మొదలు. ఇనప తలుపు వాలగానే సముద్రం ఎవరో పిలిచినట్టు లోపలికొచ్చింది. నడవాలో మోకాళ్లు, నడుము, గొంతు. దీపాలు ఆరిపోయాయి. తలుపుకి చెవి ఆనించి, "అమ్మా, నేనిక్కడే ఉన్నాను," అని అరిచాడు. అవతలనించి మూడు దెబ్బలు. గొట్టం విప్పానని గుర్తు. నీళ్లు తలమీదికి వచ్చాక మెట్ల దగ్గరికి ఈది పైకి తేలాడు. జలతారు మూలిగి, ఒకసారి పక్కకి ఒరిగి, ఒండ్రులో కూర్చుంది. మధ్య అంతస్తులో కూడా మోకాలిలోతు నీళ్లు.

ఊపిరి నింపుకుని మునిగాడు. చీకట్లో తడుముకుంటూ తలుపు దగ్గరికెళ్లి చెయ్యి వేశాడు. గట్టిగానే ఉంది. లోపల్నించి టక్, టక్. బతికుంది. చెయ్యి చెక్క మీదే ఉంచి గుండె పగిలేదాకా ఉన్నాడు, పైకొచ్చాడు.

రెండోసారి మునిగాడు. అంచున జారుడుగా తగిలింది. వేళ్లు దిగట్లేదు. టక్. చాలాసేపటికి ఇంకో టక్. గది పైదాకా నిండిపోయిందన్నమాట. గీకాడు, గోళ్లు విరిగాయి. ఊపిరి అయిపోయింది. ఆ తలుపు దగ్గరే నోరు తెరిచి నీళ్లు పీల్చేద్దామా, ఇద్దరం ఒకేసారి పోతాం అని కూడా అనిపించింది. కాళ్లు మాట వినకుండా పైకి తన్నాయి.

మూడోసారి మునిగేసరికి దెబ్బలు లేవు.

అంచులో వేళ్లు దిగాయి. ఉడికిన గంజిలో దిగినట్టు చెయ్యి మోచేతి దాకా పోయింది. కాళ్లు ఎదురుగోడకి తన్నిపెట్టి తోస్తే తలుపు లోపలికి ఊడింది. మెత్తటి పొరలు మొహానికి చుట్టుకుంటుంటే తోసుకుంటూ లోపల తడిమాడు. జడ దొరికింది. జడ పట్టుకునే లాగాడు.

పైన రాజుగారూ సరంగూ అందుకున్నారు. భోజనాల బల్ల మీద బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కారు. పెదాలు నల్లగా ఉన్నాయి. నొక్కారు. ఏమీ లేదు. ధనకోటి పిల్లని వెల్లకిలా తిప్పి, నోరు తెరిపించి వేలితో లోపలి పొర ముక్క లాగేసి, తన నోటితో ఊదాడు. ఎన్నిసార్లు ఊదాడో గుర్తులేదు. చివరికి కడుపులోంచి నీళ్లు భళుక్కున వచ్చాయి, ఆ తర్వాత దగ్గు. ఆ దగ్గు విని రాజుగారు అక్కడే కింద చతికిలబడి చేతుల్లో మొహం దాచుకున్నారు.

చాలాసేపటికి రత్నం కళ్లు తెరిచి తండ్రిని చూసింది.

"పది నిమిషాలు చెప్పకుండా ఊరుకున్నావు నాన్నా," అంది.



వేటపడవ ఒకటి వచ్చి నలుగుర్నీ ఒడ్డుకి చేర్చాక, రత్నాన్ని కాకినాడ ఆసుపత్రిలో చేర్చారు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. వీరవేణి మంచం దగ్గర, ధనకోటి వరండాలో. మూడోరోజు మధ్యాహ్నం కూతురు పిలుస్తోందని నర్సు వచ్చి చెబితే, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"మునిగిన పడవని ఎవరైనా చూశారా?" అంది రత్నం. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"రాజుగారు నిన్న మనుషుల్ని దింపారమ్మా. కర్ర శుభ్రంగా ఉందంట. పొర జాడే లేదంట, లోపలా బయటా."

"అంతా ఊడిపోయిందన్నమాట. ఎటు పోయింది?"

ధనకోటి మామూలుగానే చెప్పడం మొదలుపెట్టాడు. ఆ రోజు పోటు తగ్గి నీళ్లు వెనక్కి తీశాయి, ఆ తీతకి సముద్రంలోకి పోయుంటుంది, మళ్లీ పోటుకి... అక్కడ ఆగిపోయాడు. పోటు ఏట్లోకే వస్తుంది. ఏటి పొడుగునా రేవులున్నాయి. రేవుల్లో ఉన్నవన్నీ కర్రపడవలు. సగం తను కట్టినవే.

రత్నం అతని మొహంలోకే చూస్తోంది. "చచ్చిపోలేదు నాన్నా అది. నీళ్లలో మెత్తగా ఉంటుంది, అంతే. మనూళ్లో పడవలకి ఏం రాస్తారు?"

ఆ మాట పూర్తయ్యేసరికి ధనకోటి మెట్లు దిగుతున్నాడు.

రేవుకి చేరేసరికి రెండు దాటింది. ఎండ మాడ్చేస్తోంది. వేటనించి వచ్చిన పడవలు ముప్పై దాకా వరసగా కట్టి ఉన్నాయి. గట్టు మీద వలలు బాగుచేసుకుంటూ ఊరు సగం అక్కడే ఉంది. పెసింగి లోవరాజు దూరాన్నించే చూసి చెయ్యెత్తాడు. వాడికి ఇల్లు లేదు, పెళ్లాం పిల్లతో కాపురమంతా పడవలోనే. పడవ మీద చెక్కలతో కొట్టిన చిన్న గది, దానికో తోపుడు తలుపు.

"మేస్త్రి మావా, నీ కోసమే చూస్తన్నా," అన్నాడు లోవరాజు. వాడి మొహం పండగలా ఉంది. "మూణ్ణెల్లబట్టి కారతన్న చిల్లు మావా, నిన్నట్నించి దానంతటదే మూసుకుపోయింది. బొట్టు లేదు. మా ఒక్కళ్లదే కాదు, ఈ వరసలో ఏ పడవా కారట్లేదు. అందరం అదే అనుకుంటన్నాం. నువ్వు రాసిన నూనె మహత్యమే, నీ చెయ్యే చెయ్యి."

గట్టు మీద నలుగురైదుగురు అవునవునన్నారు. ఒక ముసలాయన లేచి దణ్ణం కూడా పెట్టాడు.

"లోపల ఎవరున్నార్రా?" అన్నాడు ధనకోటి.

"సత్యవతి పిల్లనేసుకుని పడుకుంది. ఎండగా ఉందని తలుపేసుకుంది. ఇందాక అన్నానికి కేకేశాను, లేవలేదు. మంచి నిద్దర్లో ఉన్నట్టుంది."

ధనకోటి గదికేసి చూశాడు. తలుపు ఎక్కడుందో కనబడలేదు. చెక్కలన్నీ ఒకటే చెక్కలా ఉన్నాయి. చెప్పుల్తోనే నీళ్లలోకి దూకి, గుండెలోతులో పడవ అంచు రెండు చేతులతో పట్టుకుని, బలమంతా వేసి కిందికి అదిమాడు. గట్టంతా వినబడేలా అరిచాడు.

"ఇది నేను చేసిన పాపంరా లోవరాజూ. దిగు, అందరూ దిగండి. ఎందుకో ముంచుతూ చెప్తాను, ముందు పడవ ముంచండి."